పొడుపు పొడిచి ఊరుకో బిడ్డా

బిడ్డా,

"పిల్లలు ఉలకరు, పలకరు పెద్దబాపూ. ఏదడిగినా తెల్వదు టీచర్ అంటారు" అని మొన్న ఫోన్‌లో అన్నావు. రెండు నెలల ఉద్యోగానికే అంత టెన్షన్ అయితే ఎట్ల? అప్పుడు నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో సైన్సు చెప్పినవాణ్ని. నా తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

మీ నానమ్మ గుర్తుందా? కరెంటు పోయిన రాత్రి వాకిట్లో మంచాలు వేసుకుని "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు, ఏంది?" అనేది. మీరంతా ఇంట్లో తలుపులు, బీరువా తలుపులు, చివరికి కోళ్ల గూటి తలుపు కూడా చెప్పేవాళ్లు. కనురెప్పలని ఆమె నోటి నుంచి మాత్రం వచ్చేది కాదు. "పండుకోండి, పొద్దున చెప్పండి" అనేది. బడిలో మనం చేసేది దీనికి తలకిందులు. ముందే బోర్డు మీద "కనురెప్పలు" అని హెడ్డింగు రాస్తాం, నిర్వచనం చెప్తాం, పాఠం అయ్యాక ప్రశ్న అడుగుతాం. ఇంక పిల్లవాడు నోరెందుకు తెరుస్తాడు?

పానగల్లు సంగతి చెప్తా విను. నల్లగొండ పక్కనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది గదా, కుందూరు చోడుల కాలం నాటి గుడి. గర్భగుడిలో లింగం మీద స్తంభం లాంటి నీడ పగలంతా పడి ఉంటుంది. సర్వీసులో చేరిన కొత్తలో పిల్లల్ని తీసుకుపోయి, బస్సులోనే కాంతి పాఠమంతా చెప్పేశాను. తీరా గుడికి చేరాక వాళ్లు నీడ వైపు ఒకసారి చూసి, పులిహోర డబ్బాలు విప్పారు. నాకు కోపం వచ్చింది కానీ తప్పు నాదే. విప్పేసిన పొడుపు కథను ఎవడు పట్టించుకుంటాడు?

కొన్నేళ్ల తర్వాత తొమ్మిదో తరగతితో మళ్లీ పోయాను. ఈసారి ఒక్కటే అడిగాను: "ఈ నీడ ఏ స్తంభానిది?" తర్వాత నోరు మెదపలేదు. ముందు అందరూ ఎదురుగా ఉన్న స్తంభమే అన్నారు. ఒకడు పోయి దాని పక్కన చేయి చాపి నిలబడ్డాడు, లింగం మీద చేతి నీడ పడలేదు. ఇంకో స్తంభం, ఇంకొకడు. పదకొండింటికి ఒకమ్మాయి నీడ అంచు ఎక్కడుందో గోడ రాయిని గుర్తు పెట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ చూసి, "సార్, పొద్దు ఇటు వచ్చింది, నీడ మాత్రం కదల్లే" అంది. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో కొంచెం భయం కూడా ఉంది. నేనప్పుడు కూడా ఊరుకున్నాను. నాలుక కొరుక్కుని ఊరుకున్నాను అనాలి.

తర్వాత బడిలో చెప్పుల డబ్బా తీసి, లోపల చాక్‌పీసు నిలబెట్టి టార్చి వేశారు. టార్చి జరిపితే నీడ జరిగింది. గుడిలో అట్ల కాలేదే అని రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి ఒకడు డబ్బా ముందు నూనె రాసిన కాగితం అంటించి వెనక నుంచి టార్చి వేశాడు. ఈసారి టార్చి అటూ ఇటూ జరిపినా నీడ దాదాపు ఉన్నచోటే ఉంది. లోపలికి పోయేది నేరుగా వచ్చే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు అన్నది వాళ్లే పట్టుకున్నారు. దీనికి నాలుగు పీరియడ్లు పోయాయి. సిలబస్ వెనకబడిందని హెడ్మాస్టర్ గొణిగాడు. నిజమే, వెనకబడింది. తర్వాతి రెండు పాఠాలు వాళ్లే పరుగున చదువుకున్నారు కాబట్టి అందుకున్నాను.

అక్కడ ఒకడు "దేవుడి మహిమ సార్" అంటాడు. నవ్వకు. నవ్వితే వాడింకెప్పుడూ నోరు తెరవడు. "దండం పెట్టుకో, తర్వాత కొలుద్దాం" అను. నేను బోర్డును రెండు భాగాలు చేసి ఒకవైపు "చూసింది", ఇంకోవైపు "అనుకున్నది" అని రాసేవాణ్ని. మహిమ రెండో వైపు పోతుంది, స్తంభం నీడ అన్న మాటా రెండో వైపే పోతుంది. ఎవరికీ అవమానం లేదు. బాణామతి, దయ్యాల ముచ్చట్లు మాత్రం మిస్టరీ పేరుతో తరగతిలోకి రానివ్వకు. చేత్తో పట్టుకుని పరీక్షించడానికి వీలైనదే పనికొస్తుంది.

ఇప్పుడు నా పెద్ద తప్పు. నువ్వు పనిచేసేది ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడిన మర్రిగూడ వైపు కాబట్టి ఇది నీకు చాలా అవసరం. ఫ్లోరైడ్ పాఠం మిస్టరీలాగ మొదలుపెడదామని "ఒకే ఇంట్లో అన్న పళ్లకు మచ్చలుంటాయి, తమ్ముడివి తెల్లగా ఉంటాయి, ఎందుకు?" అని అడిగాను. ప్రశ్న మంచిదే. అంతటితో ఆగక, "ఏదీ, అందరూ పళ్లు చూపించండి" అన్నాను. రెండో బెంచీలో ఒకమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పీరియడ్ అయ్యేదాకా తీయలేదు. వారం రోజులు నా క్లాసులో ఆ పిల్ల తలెత్తలేదు. మనకు పొడుపు కథ అయింది వాళ్లకు బతుకు, బిడ్డా.

తర్వాత ఏడు అదే ప్రశ్నను నీళ్ల వైపు తిప్పాను. ఊరి బొమ్మ గీసి, ఏ బోరు ఎక్కడుందో గుర్తు పెట్టి, సీసాల్లో నీళ్లు తెమ్మన్నాను. నీళ్ల పరీక్ష కిట్‌లోని మందు కలిపితే గులాబీ రంగు పసుపు వైపు తిరిగిన కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నట్టు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఒకే వాడలో రెండు బోర్లు రెండు రంగులు చూపించేసరికి పిల్లలు నేల లోపలి రాళ్ల గురించి అడగడం మొదలుపెట్టారు. ఇక అన్నదమ్ముల చిక్కు వాళ్లే విప్పారు. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్లే లెక్క. తమ్ముడు పుట్టేసరికి ఇంటికి కృష్ణా నీళ్లు వచ్చాయి. అంతే.

జీవశాస్త్రానికి పిల్లలమర్రి చాలు. 2018లో పాలమూరు (మహబూబ్‌నగర్) దగ్గరి ఆ పాత మర్రిచెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసిన ఫొటో చూపించి, "పేషెంటు ఎవరు, జబ్బేంటి?" అని అడుగు. చెదలు పట్టిందని త్వరగానే చెప్తారు. మందు ఒక్కసారి పోయకుండా చుక్కచుక్కగా ఎందుకు ఎక్కించారన్నది అసలు ప్రశ్న. రంధ్రాల్లో పోస్తే బయటికి కారిపోయింది మరి.

మిగతా సబ్జెక్టుల వాళ్లను స్టాఫ్ మీటింగులో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకు, కొత్తదానివి. చాయ్ దగ్గర ఒక్కో ప్రశ్న వదులు. లెక్కల సారుతో, ముసలమ్మలు బియ్యం కొలిచే గిద్ద, సోల, తవ్వ, మానికలో పది ఎక్కడా ఎందుకు రాదని అను. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆయనకు 2 అంకె ఘాతాల (4, 8, 16) పాఠం దొరుకుతుంది. సోషల్ టీచర్‌కు, కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునగకుండా అలంపురానికి ఎట్ల నడిచి వచ్చిందో అడగమను. తెలుగు మేడమ్‌కు ఇది: దేవరకొండ, రాచకొండ, నాగార్జునకొండ అన్నీ "కొండ"లే, మన నల్లగొండ మాత్రం "గొండ" ఎందుకయింది? జవాబు రాయను.

ఫోన్‌లో చూసొచ్చి జవాబు గడగడా అప్పజెప్పేవాడు ప్రతి క్లాసులో ఉంటాడు. వాణ్ని తిట్టకు, "నిజమని ఎట్ల తెలుసు? చూపించు" అని మిగతావాళ్లతో కలిపి పనిలో పెట్టు. నెలకు ఒకటి చాలు. రోజూ మిస్టరీ అంటే అదీ హోంవర్కు అయిపోతుంది. ఊరించి ఊరించి విప్పకుండా మాత్రం వదిలేయకు, పిల్లలకు మోసపోయినట్టు ఉంటుంది. ఎవరూ పూర్తిగా విప్పనిదైతే ఆ మాట ముందే చెప్పు. నారాయణపేట జిల్లా ముడుమాలలో పాతకాలం వాళ్లు నిలబెట్టిన నిలువురాళ్లు అట్లాంటివే. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి, వాటిని ఎందుకు నిలబెట్టారన్నది పండితులు ఇంకా తేల్చుతూనే ఉన్నారు. అట్లాంటిది ఏడాదికి ఒకటి ఉండాలి.

వచ్చే నెల రెండో శనివారం మీ తొమ్మిదో తరగతిని పానగల్లు తీసుకురా, నేనూ వస్తా. పొద్దున తొమ్మిదికే చేరండి, నాలుగు దాకా ఉండాలి, లేకపోతే నీడ కదల్లేదన్న సంగతి కంటికి ఆనదు. చాక్‌పీసులు వద్దు, గుడిలో గీతలు గీయొద్దు. కొలవడానికి దారం తెచ్చుకోండి. పులిహోర మీ పెద్దమ్మ చేస్తుంది. నేను అరుగు మీద కూర్చుంటా, పిల్లలు నన్నేమన్నా అడిగితే నాకు చెవులు వినపడవని చెప్పు.

ఇట్లు,
పెద్దబాపు