టెక్ సందేహాలు: మెషీన్ చూపించే కండలో నీళ్లెంత?

విజయనగరం కంటోన్మెంట్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి రాశాడు: "సార్, బల్కింగ్ (కండ కోసం ఎక్కువ తినడం) మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. బ్లూటూత్ వెయింగ్ మెషీన్ మీద 2.6 కిలోలు పెరిగాను. అందులో 1.9 కిలోలు కండేనని యాప్ చూపిస్తోంది. ముఖం మాత్రం ఉబ్బినట్టుంది. నమ్మొచ్చా? నీళ్ల లెక్క విడిగా చూపించే ప్రో యాప్ అని మా జిమ్ కోచ్ వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపాడు. ఇన్‌స్టాల్ చేయమంటారా?"

ఇదే ప్రశ్న, అంకెలు మాత్రం మారి, ఈ మధ్య పదే పదే వస్తోంది. అందుకే ఈ వారం మిగతా సందేహాలు పక్కన పెట్టాను. ముందు రెండో ప్రశ్నకు జవాబు: ఆ ఫైల్ ఇన్‌స్టాల్ చేయకండి. ఎందుకో కింద చెబుతాను.

ఇక కండ సంగతి. మీ మెషీన్‌కి కండ కనిపించదు. పాదాల కింద ఉన్న లోహపు ముక్కల నుంచి ఒక మిల్లీ ఆంపియర్ కంటే తక్కువ కరెంటును ఒక కాల్లోంచి ఎక్కించి ఇంకో కాల్లోంచి దింపుతుంది. లవణాలు కలిసిన నీళ్లలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఎంత అడ్డు తగిలిందో చూసి ఒంట్లో నీళ్లు ఎన్ని ఉన్నాయో అంచనా కడుతుంది. కొవ్వు తీసేస్తే మిగిలే శరీరంలో సుమారు 73 శాతం నీళ్లే ఉంటాయన్న లెక్కతో ఆ నీళ్లలోంచి కండను తేలుస్తుంది. అంటే ఆ కరెంటు దారిలో ఏ కారణంతో నీళ్లు పెరిగినా కండ పెరిగిందనే రాస్తుంది. పైగా కరెంటు తిరిగేది కాళ్లలో, నడుము కింది భాగంలోనే. చేతుల గురించి, ఛాతీ గురించి చూపించేదంతా మీ వయసు, ఎత్తు, బరువు పట్టి వేసిన ఊహ.

బల్కింగ్ మొదటి రెండు వారాల్లో నీళ్లు పెరగకపోతేనే ఆశ్చర్యం. అన్నం ఎక్కువ తింటే ఆ పిండిపదార్థాన్ని కండలు గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. దాని ప్రతి గ్రాము వెంట సుమారు 3 గ్రాముల నీళ్లు చేరతాయి. కండల్లో 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ పడుతుంది, లెక్క మీరే వేసుకోండి. జిమ్‌కి వెళ్లేవాళ్లు వాడే క్రియేటిన్ పౌడరును రోజుకు 20 గ్రాముల చొప్పున వారం వాడితే కిలో నుంచి రెండు కిలోల దాకా నీళ్లే చేరతాయి. ఈ నీళ్లు కండ లోపలికే వెళ్తాయి కాబట్టి చెడ్డవి కావు, బరువులెత్తేటప్పుడు పనికొస్తాయి కూడా. కానీ కొత్త కండ వేరు, అది నెలల మీద కొద్దికొద్దిగా వస్తుంది. ముఖం ఉబ్బు ఉప్పు వల్ల కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మూడు పూటలా ఎండుచేప, ఆవకాయ వేసుకుని అన్నం లాగించేవాళ్లకు ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది.

ఈ మెషీన్ల మీద నాకు నమ్మకం పోయింది మా ఇంట్లోనే. ఒక ఉదయం ఎక్కితే 72.4 కిలోలు, కొవ్వు 22.1 శాతం. అక్కడే నిలబడి లీటరు సీసా నీళ్లు తాగి మళ్లీ ఎక్కాను. బరువు సరిగ్గా కిలో పెరిగింది, కొవ్వు 22.9 అయింది. కడుపులో ఉన్న నీళ్లు కరెంటు దారికి తగల్లేదు కాబట్టి ఆ కిలోలో చాలా భాగం కొవ్వు ఖాతాలో పడింది. అవే నీళ్లు రేపు కండలోకి చేరితే కండ అంటుంది. తర్వాత పగుళ్లున్న మడమలు తడిగుడ్డతో తుడుచుకుని నిలబడ్డాను, అంకె మళ్లీ మారింది. ఇంత తేడా వచ్చే కొలతకు దశాంశ స్థానం దాకా అంకె వేసి, పక్కన ఆకుపచ్చ బాణం పెట్టడం నా దృష్టిలో తప్పుడు డిజైన్. "సుమారు" అన్న ఒక్క మాట తెర మీద పెట్టడానికి ఏం ఖర్చవుతుంది?

ఆమదాలవలస నుంచి రాసిన ఇంకో పాఠకుడి బాధ కూడా ఇదే. యాప్ అప్‌డేట్ అయిన మర్నాడు అతనికి మూడు కిలోల కండ తగ్గినట్టు చూపించింది. టెన్షన్ పడి రెండు రోజులు రెట్టింపు తిన్నాడట. సెట్టింగ్స్‌లో అథ్లెట్ మోడ్ (బాగా వ్యాయామం చేసేవాళ్ల కోసం వేరే ఫార్ములా) ఆగిపోయిందేమో చూడండి. ఆ ఒక్క బటన్ మారిస్తే ఫార్ములా మారుతుంది, ఒళ్లు మారదు. ఫార్ములా మార్చిన సంగతి ఒక్క వాక్యంలోనైనా చెప్పని అప్‌డేట్లంటే నాకు కోపం. ఆ అంకె చూసి ఇక్కడ మనిషి తన తిండి మార్చుకుంటున్నాడు.

ఆమదాలవలస అంటే గుర్తొస్తుంది, అక్కడి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఈనాటికీ పిల్లలు వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుంటున్నారు. బార్ మీద ఎన్ని కిలోలు లేచాయన్నది ఏ యాప్ అప్‌డేటూ మార్చలేని లెక్క. మీరూ ఒక నోటుబుక్కులో అదే రాయండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, గట్టి నేల మీద బరువు చూసుకుని వారం సగటు తీయండి. నడుముకి, జబ్బకి టైలరు టేపు వాడండి. ఎత్తే బరువు పెరుగుతూ నడుము కదలకపోతే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టిన విషయం. ఆ విద్యార్థిని అడిగి ఆ ఫైల్ స్క్రీన్‌షాట్లు తెప్పించుకున్నాను. బరువు చూపించే యాప్ కాంటాక్టులు అడుగుతోంది, ఎస్సెమ్మెస్‌లు అడుగుతోంది, చివర్లో యాక్సెసిబిలిటీ అడుగుతోంది. యాక్సెసిబిలిటీ అనేది చూపు లేనివాళ్లకు తెర చదివి వినిపించడంలాంటి పనుల కోసం ఉన్న సదుపాయం. అది ఇచ్చారంటే ఆ యాప్ మీ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. దానికి ఎస్సెమ్మెస్ కూడా తోడైతే ఓటీపీ అందిపోయినట్టే. మీ ఫోన్లో మీ నాన్నగారి బ్యాంకు ఖాతా యాప్ కూడా ఉందని మీరే రాశారు! ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి ఫైళ్లతో వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి నేరుగా ఇవ్వనివ్వదు. అందుకే ఆ అడ్డు ఎలా తీయాలో చూపించే వీడియో కూడా ఫైల్ వెంటే వచ్చింది. కోచ్ అన్న మంచివాడే కావచ్చు, ఆయనకీ ఎవరో పంపి ఉంటారు. దొంగ ఫైళ్లు ఊళ్లు తిరిగేది మంచివాళ్ల చేతుల మీదుగానే.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ముందు నెట్ ఆపండి, యాక్సెసిబిలిటీ అనుమతి తీసేయండి, యాప్ తొలగించండి. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్టోర్‌లో దొరికే మామూలు యాప్‌నీ గుడ్డిగా నమ్మక్కర్లేదు. 2018లో పేరున్న ఒక ఆహార లెక్కల యాప్ నుంచి సుమారు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పోయాయి. ఆండ్రాయిడ్ 12 కంటే పాత ఫోన్లలో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడగడం మామూలే. కొత్త ఫోన్లలో దగ్గరి పరికరాల అనుమతి చాలు. కాంటాక్టులు అడగడానికైతే ఏ ఫోన్లోనూ కారణం లేదు. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టంలో ఇచ్చిన ఉదాహరణే ఇది: వైద్య సలహా యాప్‌కి మీ కాంటాక్టుల జాబితా అవసరం లేదు కాబట్టి, మీరు సరేనన్నా ఆ సమ్మతి దానికి వర్తించదు.

చివరిగా కవిటి నుంచి ఒక తండ్రి రాసింది. "మా అబ్బాయి జిమ్ పౌడరు వాడుతున్నాడు. కాళ్లు లావెక్కాయి. యాప్ కండ పెరిగిందని అభినందనలు చెప్తోంది. మెషీన్ కొనడం మంచిదేనా?"

అయ్యా, మెషీన్ సంగతి వదిలేయండి. మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఏమిటో మీ ఊళ్లవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. కిడ్నీలు సరిగ్గా పనిచేయక కాళ్లలో నీరు చేరినా ఈ మెషీన్ దాన్ని కండ అనే అంటుంది, ఎందుకంటే దాని కరెంటు నడిచేది ఆ కాళ్లలోనే. అబ్బాయి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. గుంట పడి అలాగే ఉండిపోతే అది కండ కాదు. గుంట పడకపోయినా ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి. క్రియేటిన్ వాడేవాళ్లకు ఆ రక్తపరీక్ష అంకె కొంచెం ఎక్కువ రావచ్చు కాబట్టి పౌడరు డబ్బా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఎవరైనా కండ కోసమని సూదులు వేయిస్తుంటే అదీ దాచొద్దని అబ్బాయికి చెప్పండి, వాటిలో చాలావాటికి ఒంట్లో నీరు పట్టే గుణం ఉంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభించిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. ఈ వారమే వెళ్లండి, ఫలితం వచ్చాక నాకూ ఒక్క ముక్క రాయండి.