ఖర్చుల పట్టికకు అభ్యంతరం చెప్పే తీరు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి అబ్బాయికి,

మేనత్త ఆశీస్సులు. నీ నుంచి విడిపోయిన అమ్మాయి భరణం కోసం వేసిన అఫిడవిట్టు (ప్రమాణ పత్రం), దానికి జవాబుగా మీ వకీలుగారు తయారుచేసిన కౌంటరు ముసాయిదా, నీవు హైదరాబాదు నుంచి పంపిన రెండూ శ్రద్ధగా చదివాను. కౌంటరులో "పిటిషనరు చూపిన ఖర్చులన్నీ కల్పితం" అన్న ఒక్క వాక్యం తప్ప ఏ పద్దు గురించీ విడిగా రాయలేదు. ముందుగా ఆ వాక్యాన్ని తీసివేయించు. విశాఖపట్నం కోర్టుల్లో భరణం కేసులు నడిపిన అనుభవంతో చెబుతున్నాను, మొత్తం పట్టికను కాదనేవాడి మాటకు అక్కడ విలువ ఉండదు. ఒప్పుకోవలసిన పద్దును ఒప్పుకుని, మిగిలినదాన్ని కాగితం చూపి ప్రశ్నించేవాడి మాటనే జడ్జిగారు రాసుకుంటారు.

మీకు విడాకులు మంజూరైనా, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు, తనను తాను పోషించుకోలేని పక్షంలో, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద భరణం కోరే హక్కు ఆమెకు ఉంది. మీ పాపకు ఆ హక్కు వేరుగా ఉంది. 2020 నవంబరు 4న రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెలవారీ ఖర్చులు ప్రమాణపూర్వకంగా వెల్లడించాలి. కాబట్టి ఆమె పట్టికను నీవు ఎంత నిశితంగా చూస్తావో, నీ పట్టికను అవతలి వకీలు కూడా అంతే నిశితంగా చూస్తారని గుర్తుంచుకో.

ఇక ఆమె పట్టిక సంగతి. కరెంటుకు నెలకు 5,200 రూపాయలని రాసి, రుజువుగా మే నెల బిల్లు ఒక్కటే జతచేశారు. మన ఊరి ఉక్కపోతలో మే నెలంతా ఏసీ ఆగదు కనుక ఆ బిల్లు నిజమే కావచ్చు, కానీ జనవరి బిల్లు అంత ఉండే అవకాశం లేదు. అందువల్ల బిల్లు దొంగదని అనవద్దు. అదే సర్వీసు నంబరు మీద కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చిన పన్నెండు నెలల బిల్లులు దాఖలు చేయించి, సగటు కట్టమని అడుగు. స్కూలు ఫీజు సంవత్సరానికి 96,000 అని రసీదు ఉంది, దానిని నెలకు 8,000గా చూపడం సరైనదే. అయితే ఆ రసీదులోనే "రవాణాతో కలిపి" అని చిన్న అక్షరాలతో ఉండగా, కింద స్కూలు బస్సుకు మరో 2,500 రాశారు. ఒకే ఖర్చు రెండు చోట్ల పడటం ఇటువంటి పట్టికల్లో చాలా మామూలు, చాలాసార్లు అది తొందరలో జరిగేదే తప్ప దురుద్దేశంతో చేసేది కాదు. స్కూటీ ఇన్సూరెన్సు, పండుగ బట్టలు, సంవత్సరానికి ఒకసారి వచ్చే ఇతర ఖర్చులను కూడా పన్నెండుతో భాగించారో లేదో చూడు. సీతమ్మధార ఫ్లాటు అద్దె పూర్తిగా ఆమె ఖాతాలో వేశారు. ఆమె తమ్ముడు ఉద్యోగం చేస్తూ అదే ఇంట్లో ఉంటున్నాడని నీవు అంటున్నావు. అది నిజమైతే అద్దెలో, కిరాణాలో అతని వాటా ఎంత అన్నది న్యాయమైన ప్రశ్న. అద్దె ఒప్పందం ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వెళ్తోంది అన్నవి అడిగించు.

కూరగాయల దగ్గర మాత్రం పోట్లాడవద్దు. ఎంవీపీ కాలనీ రైతుబజారు బోర్డు మీది ధరలు పట్టుకొచ్చి, ఆమె సూపర్‌మార్కెట్‌లో ఎక్కువ పెట్టి కొంటోందని వాదిస్తే, నీ తక్కిన అభ్యంతరాల బరువు కూడా తగ్గిపోతుంది. మీరిద్దరూ కలిసి ఉన్న చివరి సంవత్సరం బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, అప్పుడు ఇంటికి ఎంత అయ్యేదో చూడు. మీ కాపురం ఏ స్థాయిలో సాగిందో దానికి దగ్గరగా ఉన్న జీవితమే కోర్టు దృష్టిలో కొలమానం. అప్పటికీ ఇప్పటికీ పెరిగిన ధరలను కూడా మనస్ఫూర్తిగా కలుపు. పాప నాట్యం క్లాసు, ట్యూషన్, పంటి డాక్టరు ఖర్చులకు అభ్యంతరం రాయడం నాకు ఇష్టం లేదు, అది మంచి వ్యూహం కూడా కాదు. పిల్లల చదువు ఖర్చు సాధారణంగా తండ్రే భరించాలని, తల్లి తగినంత సంపాదిస్తున్నప్పుడు దానిని ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. ఆ పద్దులు పూర్తిగా ఒప్పుకో.

ఆమె పాత పాస్‌వర్డు తెలుసునని ఖాతాలోకి తొంగిచూడటం, బంధువుల ద్వారా ఆమె ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు సంపాదించడం వంటి పనులు ఎంతమాత్రం చేయవద్దు. అఫిడవిట్టులోని విషయాలపై వివాదం ఉంటే కోర్టు అనుమతితో రాతపూర్వక ప్రశ్నలు వేయడానికి, పత్రాలు దాఖలు చేయించమని కోరడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు కింద ఆ తీర్పే దారి చూపింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షను ప్రకారం సాక్ష్య చట్టపు గట్టి నియమాలకు లోబడని కాగితాన్ని కూడా, వివాద పరిష్కారానికి ఉపయోగపడుతుందనుకుంటే జడ్జిగారు పరిశీలించవచ్చు, కనుక నీ దగ్గరున్న మామూలు రసీదులు కూడా పనికివస్తాయి.

నీ అఫిడవిట్టులో నన్ను కలవరపెట్టినది ఇంటి అప్పు. మధురవాడ ఫ్లాటు వాయిదా, స్వచ్ఛందంగా కట్టుకునే పీఎఫ్, రెండు ఇన్సూరెన్సు పాలసీలు జీతంలోంచి తీసేసి, మిగిలేది ఇంతే అని రాశావు. ఇన్‌కం టాక్సు, వృత్తిపన్ను వంటి తప్పనిసరి కోతలు వేరు, నీకు ఆస్తి కూడబెట్టే చెల్లింపులు వేరు. రెండో రకాన్ని సాధారణంగా కోర్టులు తగ్గింపుగా ఒప్పుకోవు. పూర్తి జీతం చూపి, ఆ వాయిదాలను అప్పుల కింద నిజాయితీగా రాయి. భరణం అంటే నికర జీతంలో 25 శాతం అని ఎవరో చెప్పారని రాశావు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ మాట అన్నది నిజమే కానీ, అది అన్ని కేసులకూ వర్తించే గీత కాదు. దాని మీద ఆశ పెట్టుకుని కౌంటరు రాయించవద్దు.

కోర్టులో వాయిదాలు అడిగి కాలం గడపాలన్న ఆలోచన కూడా మానుకో. భరణం పిటిషను వేసిన తేదీ నుంచే లెక్క కడతారు కాబట్టి, ప్రతి వాయిదాకూ బకాయి పెరుగుతుంది. ఆదేశం వచ్చిన తరువాత కట్టకపోతే వారంటుతో వసూలు చేస్తారు, అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు పడవచ్చు. నీవు ఒప్పుకున్న మొత్తాన్ని ఈ నెల నుంచే బ్యాంకు ద్వారా పంపడం మొదలుపెట్టి, ఏ నెల భరణమో వివరణలో రాయి. చేతికి నగదు ఇవ్వవద్దు. రేపు నీ పరిస్థితిగానీ ఆమె పరిస్థితిగానీ నిజంగా మారితే, మొత్తాన్ని మార్చమని కోరే అవకాశం చట్టంలో ఉండనే ఉంది.

వచ్చే వాయిదాకు రెండు రోజుల ముందే రా. పన్నెండు నెలల జీతపు స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాప ఫీజుకు నీవు ఇదివరకు కట్టిన రసీదులు తీసుకురా. ఒక తెల్లకాగితం మీద ఆమె రాసిన పద్దు, మన అంగీకారం లేక అభ్యంతరం, దానికి ఆధారం అని మూడు గళ్లు గీసి నింపుదాం, దానిని పట్టుకుని మీ వకీలుగారి దగ్గరకు నేనే నీతో వస్తాను.

ఆశీస్సులతో,
మేనత్త