గీజర్ వేస్తే కుళాయికి షాక్: ఇల్లంతా వైరింగ్ మార్చాలా?

అన్నా, వేదాయపాళెంలో మీరు అద్దెకిచ్చిన ఇంట్లో గీజర్ వేస్తే కుళాయి జిల్లుమంటోందని, ఎలక్ట్రీషియన్ వచ్చి మొత్తం వైరింగ్ మార్చాలని గుత్తగా రేటు చెప్పాడని రాశారు. అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. కానీ గీజర్ జోలికి పోవద్దని అద్దెకున్నవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

తర్వాత లైసెన్సున్న ఇంకొకరిని పిలిచి మెగ్గర్‌తో (వైరు పైతొడుగు నుంచి కరెంట్ లీకవుతోందేమో కొలిచే మీటర్) ఇన్సులేషన్ టెస్ట్ చేయించండి. ఒక్కో సర్క్యూట్ రీడింగ్ కాగితం మీద రాయించుకోండి. రీడింగ్ బాగున్న గదుల్లో వైరు పీకనక్కర్లేదు. నా అనుమానమల్లా గీజర్ ఎలిమెంట్ (నీళ్లు వేడిచేసే కాయిల్) మీద, ఎర్త్ (లీకైన కరెంట్‌ను భూమిలోకి పంపే వైరు) మీద. మన నెల్లూరు ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోతే ఉన్నా లేనట్టే. పాత ఇళ్లలో సాకెట్ విప్పి చూస్తే ఎర్త్ కోసం ఉన్న మూడో పిన్నుకు అసలు వైరే ఉండదు!

బోర్డులో ఎంసీబీ (దానంతటదే కట్ అయ్యే స్విచ్) ఉందిగా అనుకోకండి. అది ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కే. మనిషికి షాక్ కొడితే కట్ అవ్వాలంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే కట్ చేసే స్విచ్) ఉండాలి. బిగించాక టెస్ట్ బటన్ మీ ముందే నొక్కించండి, స్విచ్ టక్కున పడిపోయి కరెంట్ కట్ అవ్వాలి.

రేటు విషయానికొస్తే కూలి వేరు, సామాను వేరు, పాయింట్‌కి (ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గుకి) ఇంత అని రాయించుకోండి. సామాను మీరే కొని బిల్లు దగ్గర పెట్టుకోండి. ఈ ఖర్చు ఇంటి ఓనరుదే, అద్దెలో కలపకండి. సర్వీస్ వైరు, మీటరు దగ్గర తేడా ఉంటే 1912కి ఫోన్ చేయండి.