మొదటిసారి సొంతంగా పరంజా కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి నల్గొండ నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

మిర్యాలగూడలో మూడంతస్తుల ఇంటికి బయటి ప్లాస్టరింగు, రంగుల పని నీవే ఒప్పుకున్నావని అక్క ఫోనులో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నందున ఇంటివారు తొందర పెడుతున్నారనీ, ఇనుప ఫ్రేములు అద్దెకు తెచ్చి ఈ వారంలోనే పరంజా లేపాలనుకుంటున్నావనీ కూడా చెప్పింది. ఇంతకాలం ఇతరులు కట్టిన పరంజా మీద పని చేశావు. నలుగురిని ఎక్కించే పరంజాను నీ పూచీ మీద కట్టడం ఇదే మొదలు కనుక, ముఖ్యమని నేను అనుకునేవి రాస్తున్నాను.

ముందుగా నేల సంగతి చూడు. మీ పని జరిగే చోట నల్లరేగడి అని విన్నాను. అది వానకు ఉబ్బి మెత్తబడుతుంది, ఎండకు నెర్రెలు బాస్తుంది. దానికి తోడు, పునాది కోసం తవ్విన మట్టినే గోడ పక్కన పూడ్చి ఉంటారు కాబట్టి, గోడను ఆనుకొని రెండు మూడడుగుల మేర నేల ఇంకా వదులుగానే ఉంటుంది. పరంజా లోపలి కాళ్లు పడేది సరిగ్గా అక్కడే. అక్కడ మొరం పోయించి, తడిపి, దిమ్మిస కొట్టించు. ప్రతి కాలి అడుగున మర తిప్పి ఎత్తు సరిచేసే జాకీ ఉంటుంది కదా, దాని పలక కింద కనీసం అంగుళంన్నర మందం, తొమ్మిదంగుళాల వెడల్పు ఉన్న చెక్క వేయి. లోపలి కాలికీ బయటి కాలికీ కలిపి ఒకే చెక్క పడితే ఇంకా మంచిది. మనవైపు చేతికందిన షాబాదు బండ ముక్కనో, రెండు ఇటుకలనో కాలి కింద తోసే అలవాటు ఉంది, అది నాకు బొత్తిగా నచ్చదు. కింద ఏ కొంచెం బోలుగా ఉన్నా బరువు పడగానే బండ మధ్యకు పగులుతుంది, ఆ కాలు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. చెక్క అలా కాదు, విరిగేముందు వంగుతుంది, కిర్రుమంటుంది, సర్దుకోవడానికి మనకు కొంత వ్యవధి ఇస్తుంది. సంపు మూత మీద, సెప్టిక్ ట్యాంకు కప్పు మీద, కిటికీ సజ్జ మీద ఏ కాలూ నిలపవద్దు.

మొదటి వరుస ఫ్రేములు నిలిపాక, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఏటవాలుగా పడే క్రాస్ పైపులు రెండు వైపులా బిగించి, రసమట్టం పెట్టి ప్రతి కాలినీ నిలువుగా వచ్చేదాకా జాకీతో సరిచేయి. జాకీ మరను మాత్రం అడుగుకు మించి పైకి తిప్పవద్దు. అడుగున రెండు మీటర్లలో ఒక సెంటీమీటరు వాలితే, పది మీటర్ల ఎత్తుకు ఆ వాలు ఐదు సెంటీమీటర్లవుతుంది, బరువంతా ఒక పక్కకు పోతుంది. పైకి వెళ్లాక దీన్ని సరిచేసే మార్గం లేదు కనుక, ఈ ఒక్క వరుసకు సగం పూట పట్టినా పట్టనీ.

సామాను అద్దె దుకాణంలోనే చూసుకొని ఎక్కించుకో. ఫ్రేము మూలల దగ్గర వెల్డింగును చేత్తో తుడిచి చూడు; వెల్డింగు పక్కన వెంట్రుకవాసి ఎర్రటి గీత కనిపిస్తే అది పగులు, లోపల తుప్పు దిగినట్టు లెక్క. పైపు చివర లోపలికి వేలు పెట్టి తిప్పితే తుప్పు పొరలు పొరలుగా రాలుతుందో లేదో తెలుస్తుంది. పైపులను కలిపి బిగించే క్లాంపు నట్టును వేళ్లతోనే చివరిదాకా తిప్పు. మధ్యలో పట్టేస్తే మర అరిగిందని గ్రహించి పక్కన పెట్టు. దుకాణదారుడు విసుక్కోవచ్చు, కానీ అద్దె ఇస్తున్నది నీవు.

ఇక గోడకు కట్టడం. అడుగున ఇరుకు వైపు ఎంత వెడల్పు ఉందో దానికి మూడు రెట్లకు మించి ఎత్తు పోతే, బయలులో ఏ పరంజానైనా గోడకు కట్టే తీరాలి. మీ ఫ్రేము వెడల్పు 1.2 మీటర్లయితే, రెండు మీటర్ల ఫ్రేములు రెండు ఎక్కించేసరికే ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి మూడో ఫ్రేము ముట్టేముందే మొదటి కట్టు పడాలి, ఆపైన ప్రతి నాలుగు మీటర్లకు ఒకటి ఉండాలి. కిటికీ గ్రిల్లుకో, నీళ్ల పైపుకో, కొత్తగా లేపిన పిట్టగోడకో కట్టిన తాడును కట్టుగా లెక్కించకూడదు. కిటికీ కంత లోపలి వైపు గోడలకు ఆనేలా ఒక పైపు అడ్డంగా పెట్టి, దానికి కంతలోంచి బయటికి వచ్చే పైపును క్లాంపుతో బిగించి, దాని రెండో కొనను ఫ్రేముకు బిగిస్తే పరంజా బయటికి వాలదు. బయటికి వచ్చిన ఆ పైపునే కంత బయట గోడకు ఆనేలా మరో అడ్డపైపుతో బిగిస్తే లోపలికీ జరగదు. ఆషాఢం గాలి సంగతి నీకు తెలియనిది కాదు. దుమ్ము పడకుండా ఆకుపచ్చ పరదా కడితే ఆ గాలినంతా అదే పట్టుకుంటుంది కాబట్టి, పరదా కట్టేటట్టయితే కట్లు ఇంకా దగ్గర దగ్గరగా వేయించు. వాన వెలిసిన ప్రతిసారీ కాళ్ల కింది చెక్కలు దిగాయేమో చూసి గానీ ఎవరినీ ఎక్కనివ్వవద్దు.

ఇంటి ముందు నుంచి 11 కేవీ కరెంటు లైను పోతుందని అక్క చెప్పిన మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్నది. ఇరవై అడుగుల పైపును నిలబెట్టేటప్పుడు మనిషి చూపు అడుగున ఉంటుంది, పైకొన ఎటు తిరిగిందో గమనించడు. తీగ తగలనక్కరలేదు, బాగా దగ్గరికి పోయినా చాలు. ఆ వైపు పొడవు పైపులు వాడనే వద్దు. కరెంటు ఆఫీసులో ముందే చెప్పి, లైన్‌మన్ ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించిన అనుమతి) తీసుకున్నాడని నీవు స్వయంగా నిర్ధారించుకున్నాకే ఆ వైపు ఫ్రేములు లేపు, దింపేటప్పుడూ అంతే. పరంజా నిలిచాక దానికీ లైనుకూ మధ్య మూడు మీటర్లన్నా లేకపోతే, లైను జరిపిస్తే తప్ప ఆ ముఖం పని మొదలుపెట్టనని ఇంటివారికి స్పష్టంగా చెప్పు.

నిలబడే పలకలు సందు లేకుండా పరిచి, కొనలు కట్టించు. మీటరు ఎత్తున ఒక అడ్డపైపు, నడుమ ఇంకొకటి, పాదాల దగ్గర ఆరంగుళాల పట్టీ ఉండాలి. సిమెంటు బస్తా 50 కిలోలు. పది బస్తాలు ఒకేచోట పేర్చితే ఏడుగురు మనుషులు ఒకే పలక మీద నిలబడినట్టే కనుక, మాలు కొద్దికొద్దిగా అందించే ఏర్పాటు చేయి. నడుముకు మాత్రమే కట్టే బెల్టు పడినప్పుడు మనిషిని నడుం దగ్గర మడిచేస్తుంది. భుజాలకూ తొడలకూ పట్టీలున్నది కొను, కొక్కెం తలకంటే ఎత్తున, భవనానికే గట్టిగా కట్టిన తాడుకు తగిలించమను.

నీ దగ్గర పాలమూరు వాళ్లతో పాటు ఒడిశా కుర్రవాళ్లు కూడా ఉన్నారు కదా. వాళ్లకు తెలుగు సగమే అర్థమవుతుంది, అర్థం కాకపోయినా మొహమాటానికి తల ఊపుతారు. చెప్పింది చేసి చూపించమని అడుగు. కట్టడం పనివాళ్ల సంక్షేమ మండలిలో పేరు లేని మనవాళ్లెవరైనా ఉంటే, వయసు 18 నుంచి 60 లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు పని చేసినవారిని లేబర్ ఆఫీసుకు పంపి నమోదు చేయించు.

విప్పే రోజున కూడా నీవు అక్కడే ఉండు. అప్పటికి డబ్బులు చేతికి వచ్చి, అందరికీ ఇంటి ధ్యాస ఉంటుంది. పైనుంచి ఒక్కొక్క వరుసే దింపాలి, ఏ వరుస కట్టును ఆ వరుసకు వచ్చాకే విప్పాలి, పైపులను విసరకుండా తాడుతో దింపాలి. మొదటి వరుస నిలిపి, మట్టం చూసుకొని, మొదటి కట్టు వేయగానే కాళ్ల దగ్గర నుంచి ఒక ఫోటో, కట్టు దగ్గర నుంచి ఒక ఫోటో నాకు పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా మూడో ఫ్రేము ఎక్కించవద్దు.

ఇట్లు,
నీ మామ