రెండో లెన్స్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కెనన్ 1500డి కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) చాలడం లేదనీ, చవకగా దొరుకుతున్న 75-300 తీసుకోవాలా, లేక 18 నుంచి 400 వరకు అన్నీ ఒక్కదానిలోనే ఉన్న లెన్స్ కోసం డబ్బు కూడబెట్టాలా అనీ అడిగావు. నా మాటగా రెండూ వద్దు. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉన్న 55-250 ఎస్‌టీఎం (అది ఫోకస్ మోటారు రకం పేరు) లెన్స్‌ను, కొత్తది భారమనిపిస్తే సెకండ్‌హ్యాండ్‌లోనైనా, తీసుకో.

300 అనే అంకె ఆశపెడుతుంది, నిజమే. కానీ నువ్వు చూసిన ఆ చవక 75-300లో స్టెబిలైజేషన్ లేదు. బొమ్మను నమోదు చేసే నీ కెమెరా సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కంటే చిన్నది కావడం వల్ల చేతి వణుకు 1.6 రెట్లు ఎక్కువగా తెలుస్తుంది, కాబట్టి 300 దగ్గర షట్టర్ వేగం దాదాపు 1/500 సెకను ఉంటే గానీ బొమ్మ నిలకడగా రాదు. 55-250 బరువు 375 గ్రాములే. పైగా 85 సెంటీమీటర్ల దూరంలోని పువ్వును కూడా ఫోకస్ చేస్తుంది, 75-300కైతే మీటరున్నర దూరం కావాలి. రేపు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొన్నా 75-300 పనికొస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది అబద్ధం కాదు, కానీ ఎప్పుడో కొనబోయే కెమెరా కోసం ఇవాళ్టి ఫొటోలు పాడుచేసుకోవడం నాకు సబబుగా తోచదు.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. నా మొదటి పొడవు జూమ్‌లోనూ స్టెబిలైజేషన్ లేదు. దాన్ని పట్టుకుని పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లాను. 1213 నాటి ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, తలెత్తి చూడవలసినంత ఎత్తులో ఉంటాయి. వాటిలో ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న మదనిక కోసమే నేను అంత దూరం వెళ్లాను. సాయంత్రపు వెలుతురు చూరు కిందికి చేరడం లేదు, పురావస్తు శాఖ కట్టడం కావడంతో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టే వీలు లేదు. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఆమె మెడలోని హారాల పేటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆ తరువాత స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్‌తో మళ్లీ వెళ్లి 1/60 సెకనుతో తీసినప్పుడు, పేటకూ పేటకూ మధ్య ఉలి తీసిన సన్నని గాడి కూడా కనిపించింది.

అయితే స్టెబిలైజేషన్ ఆపేది నీ చేతి వణుకునే గానీ ఎదుటివారి కదలికను కాదు. పెళ్లి మండపంలో తలంబ్రాలు, వేదిక మీద నాట్యం నీకు ముఖ్యమైతే సిగ్మా 17-50 ఎఫ్/2.8 వైపు చూడాలి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది. ఎఫ్/5.6తో పోలిస్తే అది నాలుగు రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది కనుక, 1/15 సెకను పట్టే చోట 1/60తో పని జరుగుతుంది. బరువు మాత్రం 565 గ్రాములు. ఇక 18-400 విషయానికొస్తే, దుమ్ములో లెన్స్ మార్చే బాధ తప్పిస్తుంది, కానీ ఏడు వందల గ్రాములు మెడకు వేలాడుతుంది, 400 దగ్గరికొచ్చేసరికి ఎఫ్/6.3 అయి వెలుతురు తగ్గిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ లెన్స్‌ను చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడు. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే ఫరవాలేదు. సాలీడు దారాల్లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకైనా వదిలేయి. కాకినాడలో మీ ఇంటి తేమ గాలికి అది ఇంకా పెరుగుతుంది. తరువాత గోడకు వార్తాపత్రిక అంటించి, 55 దగ్గర, 250 దగ్గర ఒక్కో ఫొటో తీసి, నాలుగు మూలల్లో అక్షరాలు ఒకే తీరుగా చదవగలుగుతున్నావో లేదో చూడు. ఒక మూల మాత్రమే మసకబారితే, పత్రికకు సూటిగా నిలబడ్డావో లేదో సరిచూసుకుని మళ్లీ తీయి. అప్పుడూ అదే మూల మసకగా వస్తే ఆ లెన్స్ ఎక్కడో దెబ్బ తిని ఉంటుంది.

బేరానికి వెళ్లే ముందు ఒక్క పని చెయ్యి. నువ్వు తీసినవాటిలో నీకు నచ్చిన వంద ఫొటోలు తెరిచి, ఒక్కొక్కటి ఏ ఫోకల్ లెంగ్త్‌తో తీశావో కాగితం మీద రాయి. ఎక్కువభాగం 55 దగ్గరే ఆగి ఉంటే నేను చెప్పిన లెన్సే కొను. 18 దగ్గర గోడకు వీపు ఆనించి తీసినవే ఎక్కువ ఉంటే మాత్రం నీకు కావలసింది ఇంకా వెడల్పుగా చూసే 10-18 లెన్స్. ఆ కాగితం నాకు పంపు, ఈలోగా ఎవరికీ బయానా ఇవ్వకు.

ఇట్లు,
నీ మామయ్య