మూత లేచినంత మాత్రాన యంత్రం కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆవిరి యంత్రం మీద నీ వ్యాసం అందింది. మొదటి వాక్యం చదివి పక్కన పడేశాను. "పొయ్యి మీద కెటిల్ మూత ఎగిరెగిరి పడటం చూసిన బాలుడు జేమ్స్ వాట్ మదిలో ఒక విప్లవం పుట్టింది" అన్నావు. ఈ కెటిల్‌ను నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇంకా చల్లారలేదు. మర్నాడు కరెంటు పోయి, వేరే పని లేక మళ్ళీ తీశాను. ఆరో పేజీలో ఆగిపోయాను: "న్యూకామెన్ యంత్రం తిండిపోతు. గనుల దగ్గర ఎవరూ కొనని బొగ్గు పొడి మీద బతికింది." మంచి వాక్యం. దాన్ని ఆరో పేజీలో దాచినందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతి విను. కెటిల్ మూతను లేపేది ఆవిరి తోపుడు. 1712లో ఇంగ్లండులోని డడ్లీ కోట సమీపంలో గని నీళ్ళు తోడింది, వాట్ కంటే ముందే థామస్ న్యూకామెన్ చేసిన యంత్రం. అందులో బరువు లాగింది ఆవిరి కాదు, గాలి. సిలిండర్ నిండా ఆవిరి పట్టించి, అందులోకి చన్నీళ్ళు చిమ్మేవారు. ఆవిరి కాస్తా నీరై కూర్చునేది, లోపలంతా ఖాళీ. అప్పుడు మన నెత్తిన ఎప్పుడూ ఉండే ఈ గాలే పిస్టన్‌ను, అంటే సిలిండర్‌లో పైకీ కిందికీ జరిగే బిళ్ళను, కిందికి నొక్కేది. దానికి కట్టిన దూలం రెండో కొస లేచి పంపు కడ్డీని లాగేది. మన ఏతం గుర్తుకు రావడం లేదూ? నిమిషానికి 12 సార్లు, సారికి సుమారు 45 లీటర్లు, 46 మీటర్ల లోతు నుంచి. పిస్టన్ అంచుకు తోలు, సందుల్లోంచి గాలి దూరకుండా దాని మీద కాసిని నీళ్ళు. ఇంత పనితనం వదిలేసి మూత దగ్గర కూర్చున్నావు!

నాకూ ఈ తెలివి పుట్టుకతో రాలేదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లులో గుమాస్తాను. పగలు బస్తాల లెక్క, రాత్రి రాత. మిల్లు ఆవిరి ఇంజను చూసే మేస్త్రీకి నా తొలి వ్యాసం చదివి వినిపించాను. అందులోనూ ఇదే కెటిల్. ఆయన అప్పుడు గ్రీజు పట్టించిన నార తాడును పిస్టన్ కడ్డీ చుట్టూ దూర్చి, మొద్దుబారిన ఉలితో దట్టిస్తున్నాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత కాలిన మచ్చ, నిగనిగలాడుతూ. తల ఎత్తకుండానే అన్నాడు: "ఆవిరికి బలం ఉందని అన్నం వండే ప్రతి ఇల్లాలికీ తెలుసండీ. అది కారకుండా పట్టుకోవడమే పని."

వ్యాసం తిరగరాసి, ఆ తాడుతో మొదలుపెట్టి, ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడుగారు తాడు కోసేసి మళ్ళీ కెటిల్ తెచ్చి పెట్టారు. పక్కన గుండ్రటి బుగ్గల కుర్రాడి బొమ్మ కూడా వేయించారు. "పాఠకుడికి గ్రీజు ఎందుకండీ?" అన్నారు. పారితోషికం పదిహేను రూపాయలు, తొమ్మిది నెలల తర్వాత మనియార్డరు. ఆయన పోయారు, పత్రికా పోయింది. కెటిల్ మాత్రం వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోకి కాపురం మార్చి హాయిగా ఉంది.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను, విసుగనుకున్నా సరే. ఎక్కడ కారిందో అక్కడ మొదలుపెట్టు.

వాట్ కథ కూడా కారే కథే. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసి, బాగుచేసి బతికే మనిషి. అతని దగ్గరికి న్యూకామెన్ యంత్రపు నమూనా ఒకటి బాగుచేతకు వచ్చింది. నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది. చల్లార్చిన సిలిండర్‌నే మళ్ళీ కాచడానికి ఆవిరంతా హరించుకుపోతోందని కనిపెట్టాడు. ఆవిరిని వేరే పాత్రలోకి పంపి అక్కడ చల్లార్చాలన్న ఊహ 1765లో, ఒక ఆదివారం నడకలో తట్టింది. "ఆ క్షణమే ప్రపంచం మారిపోయింది" అని రాశావు. ఏం మారింది? పేటెంటు 1769లో వచ్చింది. యంత్రం అమ్ముడై పనికి దిగింది 1776లో. పదకొండేళ్ళు! సగం తంటా సిలిండర్‌తోనే, సరైన గుండ్రన వచ్చేది కాదు. సందుల్లో నూనె గుడ్డలు, బెండు, చివరికి పాత టోపీలు కూడా కుక్కి చూశాడు. కారేది. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. చివరికి ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్సన్ తన యంత్రంతో సిలిండర్లు తొలిచి ఇచ్చాడు. 50 అంగుళాల సిలిండర్‌లో ఎక్కడా పాత షిల్లింగు నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోయి రాశాడు. నీ పన్నెండు పేజీల్లో 'విప్లవం' పదిహేడుసార్లు వచ్చింది, విల్కిన్సన్ ఒక్కసారీ రాలేదు.

ఇక ప్రభావాలు. "సమాజాన్ని సమూలంగా మార్చివేసింది" అన్నది కొట్టేశాను. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో అప్పట్లో తగరం, రాగి గనులుండేవి, బొగ్గు లేదు. వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. అందుకే తక్కువ తినే వాట్ యంత్రానికి అక్కడ గిరాకీ. బౌల్టన్, వాట్ అడిగిన ప్రతిఫలం కూడా ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడోవంతు. దాని మీద సణుగుడు కోర్టుల దాకా వెళ్ళింది. నీ ఆరో పేజీ వాక్యం నుంచి ఇక్కడికి దారి తిన్నగా ఉంది, నువ్వే నడవలేదు. తర్వాత యంత్రం చక్రం తిప్పడం నేర్చింది. 1785లో నాటింగ్‌హామ్ దగ్గర పాపుల్‌విక్ నూలు మిల్లుకు చేరింది. అంతవరకు మిల్లు వాగును వెతుక్కుంటూ పోయేది, ఇక బొగ్గు చేరే ఏ ఊరికైనా రాగలదు. వాగు తగ్గితే కదుళ్ళు ఆగేవి, బాయిలరుకు వేసవి లేదు. తొమ్మిదేళ్ళు నిండని పిల్లలను జౌళి మిల్లుల్లో పెట్టుకోకూడదని 1833లో బ్రిటన్ చట్టం చేయాల్సి వచ్చింది. పట్టు మిల్లులకు అదీ మినహాయింపే.

రైలుకు నాలుగు పేజీలు ఖర్చుపెట్టావు. ఇంగ్లండులోని బ్రిస్టల్ ధాన్యపు మార్కెట్ గడియారానికి రెండు నిమిషాల ముళ్ళున్నాయి. ఒకటి ఊరి సమయానికి, ఒకటి రైలు మోసుకొచ్చిన లండన్ సమయానికి. తేడా పది నిమిషాలు. ఆ రెండో ముల్లు గురించి రాయి, చాలు. మనవాళ్ళు చూడు, కంటికి కనబడిందాన్ని బట్టి పొగబండి అన్నారు. విప్లవబండి అనలేదు.

చివర మన చేనేతవారి కోసం కార్చిన రెండు కన్నీటి చుక్కలు తీసెయ్. ఆ బాధ పెద్దది, చివరి పేరాలో ఇరికిస్తే అవమానం. విడిగా రాయి, నూలు ధరలు వెతికి రాయి.

కలం పేరు గురించి అడిగావు, ముందుమాట కూడా అడిగావు. అవి తర్వాత చూద్దాం.

మూడో పేజీలో వాట్ 1763లో పుట్టాడని వేశావు. పుట్టింది 1736లో, స్కాట్లండ్‌లోని గ్రీనాక్‌లో. 1763 ఆ నమూనా అతని బల్ల మీదికి వచ్చిన ఏడు. నీ లెక్కన పుట్టిన పిల్లవాడు ఉయ్యాలలోనే పిస్టన్ విప్పాడు. అది దిద్ది, ఆరో పేజీని ముందుకు తెచ్చి, మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
ఒకప్పటి మిల్లు గుమాస్తా