ఫ్రెండ్ బోటు వెనకాల ఆడుకోవడానికి ఏ వేక్‌బోర్డు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటారు, బరువు 82 కిలోలు. ఫ్రెండ్‌కి టవర్ (తాడు కట్టే ఎత్తైన చట్రం) ఉన్న 21 అడుగుల బోటు ఉంది, అతని వేక్‌బోర్డు (బోటు తాడుతో లాగుతుంటే నిలబడి నీళ్ల మీద జారే పలక) మీద మూడుసార్లు లేచి నిలబడ్డారు. ఇప్పుడు సొంతది కొనాలి. షాపులో 136 సెంటీమీటర్ల బోర్డు చాలన్నారు, ఆన్‌లైన్ చార్టులో మాత్రం 142 అని ఉంది. మీ ఆవిడ 55 కిలోలు, ఇద్దరికీ ఒకటే సరిపోతుందా, మొత్తం 500 డాలర్లలో తేలుతుందా అని.

తొందరలో ఉంటే ఈ ముక్క చాలు: 140 నుంచి 142 సెంటీమీటర్ల బోర్డు, కంటిన్యువస్ రాకర్ (మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒంపు), అడుగున ఫిన్‌లు (చేప రెక్కల్లాంటి ముక్కలు), వేళ్ల దగ్గర తెరిచి ఉండే బూట్లు. మిగతాదంతా నేను మూడు బోర్డులు మార్చి, ఒక మోకాలు వాపు తెచ్చుకుని నేర్చుకున్న సంగతులు. తీరిక ఉంటే చదవండి.

నా మొదటి బోర్డు 2018 వేసవిలో కొన్నాను. అప్పుడు నా బరువు 84 కిలోలు, అంటే 185 పౌండ్లు. ఒక షాపులో క్లియరెన్స్ అని మూలన పెట్టిన వాటిలో నారింజ రంగు 134 ఒకటి కంటబడింది. సగం ధర. "చిన్న బోర్డయితే చెప్పిన మాట వింటుంది" అన్నాడు అమ్మే కుర్రాడు. రంగు బాగుంది, ధర బాగుంది, ఇంకేం కావాలి అనుకుని కారులో వేసుకొచ్చేశాను.

లేక్ లూయిస్‌విల్‌లో దిగాక తెలిసింది, అది ఎవరి మాటా వినదని. బోటు లాగడం మొదలుపెడితే నేను నీళ్ల పైకి రాను, నీళ్లే నా ముక్కులోకి వస్తాయి. మా ఊరి పంటకాలవలో లారీ ట్యూబు బోల్తా పడ్డప్పుడు కూడా అన్ని నీళ్లు తాగలేదు. కారణం చాలా మామూలుది. మనిషి బరువును నీళ్ల పైకి ఎత్తాలంటే బోర్డుకి తగినంత వైశాల్యం ఉండాలి, లేదంటే వేగం ఉండాలి. బోర్డు చిన్నదైనకొద్దీ బోటు ఇంకా గట్టిగా లాగాలి, మన చేతులు ఇంకా గట్టిగా పట్టుకోవాలి. కొత్తవాళ్లకి గంటకి 16 నుంచి 19 మైళ్ల వేగం హాయిగా ఉంటుంది. నేను మాత్రం ఆ పలక మీద నిలబడటానికి 22 మైళ్లు పెట్టించాను. ఆ వేగంలో పడితే నీళ్లు నీళ్లలా ఉండవు, సిమెంటు గచ్చులా తగులుతాయి.

అందుకే ఎత్తు, చెప్పుల సైజు, వయసు ఇవన్నీ పక్కన పెట్టి బరువు ఒక్కటే చూడండి. క్రికెట్ బ్యాట్ ఎత్తును బట్టి కొంటాం కదా, ఇది అలా కాదు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా, చార్టులన్నీ దాదాపు ఒకటే చెబుతాయి: 130 నుంచి 180 పౌండ్ల వాళ్లకి 135-139, 170 నుంచి 250 పౌండ్ల వాళ్లకి 140-144. మీరు 181 పౌండ్లు. 136 మీకు పూర్తిగా పనికిరాదని కాదు. గాల్లో తిరిగే విద్యలు వచ్చినవాళ్లు కావాలనే చిన్నది తీసుకుంటారు, తేలిగ్గా తిరుగుతుందని. మూడుసార్లు నిలబడిన మీకు ఇప్పుడు కావాల్సింది తిరగడం కాదు, తేలడం.

ఆ నారింజ బోర్డుతో ఇంకో తంటా కూడా ఉంది. దాని అడుగున ఫిన్‌లు లేవు. అది కేబుల్ పార్కు బోర్డు. అంటే బోటు లేకుండా, పైన స్తంభాల మీద నడిచే తీగ లాగే చోట వాడేది. అక్కడ లాగుడు పై నుంచి వస్తుంది, పైగా బోర్డుతో రెయిల్స్ (నీళ్లలో పెట్టిన పొడుగాటి కమ్మీలు) మీదా ర్యాంపుల మీదా జారాలి. ఫిన్ ఉంటే అడ్డం, కాబట్టి అడుగు నున్నగా, గట్టిగా చేస్తారు. బోటు వెనకాల కథ వేరు. మీరు ఒక పక్కకి ఒరిగి, నీళ్లని కోసుకుంటూ బోటు రేపిన అల వైపు వెళ్లాలి. అప్పుడు నాగటి కర్రు నేలలో దిగినట్టు ఫిన్ నీళ్లలో దిగి పట్టు ఇస్తుంది. అది లేకపోతే సబ్బు మీద కాలు పెట్టినట్టు వెనక భాగం చర్రున జారిపోతుంది. బాగా చేయి తిరిగినవాళ్లు అంచుతోనే పట్టు తెచ్చుకుంటారు, మనం ఇప్పుడే వాళ్లతో పోటీ పెట్టుకోనక్కర్లేదు. షాపులో మొదట బోర్డు తిరగేయండి. అడుగున ఫిన్‌లు లేకుండా, బిగించడానికి బోల్టు రంధ్రాలు కూడా లేకుండా ఉంటే అది మీది కాదు, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

రెండో బోర్డు సైజు సరిగ్గానే కొన్నాను, 141. సెకండ్ హ్యాండ్, ఫిన్‌లు నాలుగు. ఈసారి దెబ్బ కొట్టింది రాకర్. బోర్డుని నేల మీద పెట్టి పక్క నుంచి చూస్తే రెండు చివర్లూ పైకి లేచి ఉంటాయి చూడండి, ఆ ఒంపునే రాకర్ అంటారు. అది ముఖ్యంగా రెండు రకాలు. ఊగే కుర్చీ అడుగులా మొదటి నుంచి చివరి దాకా ఒకే ఒంపు ఉంటే కంటిన్యువస్. మధ్యలో చదునుగా ఉండి రెండు చివర్లూ కొంచెం నిటారుగా లేస్తే త్రీ స్టేజ్. ఈ రెంటికీ మధ్యస్థంగా హైబ్రిడ్ అని అమ్మేవి కూడా ఉన్నాయి.

నాది త్రీ స్టేజ్. అల మీదికి వెళ్లగానే ఎవరో కింద నుంచి తన్నినట్టు నిలువుగా పైకి లేపుతుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. పైకి లేచినవాడు కిందికి దిగాలి కదా? మధ్య భాగం చదును కాబట్టి దిగేటప్పుడు ఫట్‌మని తగులుతుంది. పైగా నీళ్లని ముందుకి తోసుకుంటూ పోతుంది గనక వేగం తగ్గినట్టు ఉంటుంది, అల దగ్గరికి చేరాలంటే కాళ్లతో ఇంకా నొక్కాలి. అదే సీజన్లో ఒక ఆదివారం నేను రెండు కాళ్లూ బిగబట్టి దిగాను. ఎడమ మోకాలు కొబ్బరికాయంత వాచింది. మూడు వారాలు ఆఫీసుకి కుంటుకుంటూ వెళ్లాను. మా అమ్మకి ఫోన్లో మెట్లు దిగుతూ జారానని చెప్పాను, ఇప్పటికీ ఆవిడ మా ఇంటి మెట్లని తిడుతూ ఉంటుంది.

కంటిన్యువస్ మీద అలా ఉండదు. మీరు ఎంత నెమ్మదిగా ఒరిగితే అంత నెమ్మదిగా వెళ్తుంది, ఎంత ఇస్తే అంత తిరిగి ఇస్తుంది, దిగేటప్పుడు జారుతూ దిగుతుంది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది అదే, 142. ఆరేళ్లయింది, మార్చాలనిపించలేదు. మీ ఫ్రెండ్ బోటులో నీళ్ల బస్తాలు నింపి బరువు పెంచే ఏర్పాటు లేకపోతే అల ఎలాగూ చిన్నగానే ఉంటుంది. ఆ చిన్న అల మీద దాటడం నేర్చుకోవడానికి ఇది చాలా హాయి.

ఇక బూట్లు, అంటే బైండింగ్‌లు. డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే నేను ఇక్కడే అంటాను. బోర్డు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా మీరు సర్దుకుంటారు. బూటు వదులైతే మడమ పైకి లేస్తుంది, మీరు ఒరిగినా ఆ సంగతి బోర్డు దాకా చేరదు. అన్నిటికంటే ప్రమాదం, పడినప్పుడు ఒక కాలు ఊడిపోయి రెండో కాలు బోర్డుకే అతుక్కుని ఉండటం. చీలమండలూ మోకాళ్లూ మెలిపడేది అప్పుడే. రెండు కాళ్లూ ఉంటే ఉండాలి, ఊడితే రెండూ ఊడాలి. కాబట్టి ఇవి ఆన్‌లైన్లో కాకుండా షాపుకి వెళ్లి, తొడుక్కుని, లేసులు బిగించి, మోకాళ్లు వంచి కూర్చుని చూడండి. మడమ కదలకూడదు, అలాగని వేళ్లు తిమ్మిరెక్కకూడదు. ఎండలో పది నిమిషాలు తొడుక్కుని ఉండగలిగితే అది మీ సైజు.

మీ ఇద్దరి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. వేళ్ల దగ్గర తెరిచి ఉండే రకం ఒక్కో జతా నాలుగైదు చెప్పుల సైజుల దాకా సర్దుకుంటుంది. మూసి ఉన్న రకం పట్టు బాగా ఇస్తుంది గానీ ఒక్కరి కాలికే. బోర్డు పంచుకోవాలంటే ఎప్పుడూ బరువైన మనిషికి సరిపోయేదే కొనాలి. మీ ఆవిడ 121 పౌండ్లు, ఆమెకి న్యాయంగా 130-134 కావాలి. 142 మీద ఆమె మీకంటే సులువుగా లేచి నిలబడుతుంది, ఆ ధీమా మంచిదే. పక్కలకి తిప్పేటప్పుడు మాత్రం తలుపు చెక్క మీద నిలబడ్డట్టు బరువుగా ఉంటుంది. ఈ సీజన్‌కి ఒకటే కొనండి. ఆమెకి నచ్చితే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ ఏడాది మోడళ్లు తగ్గింపులో పెడతారు, అప్పుడు ఆమెకి వేరేది కొనొచ్చు. మా ఇంట్లో అలాగే జరిగింది. ఇప్పుడు నా భార్య నాకంటే బాగా ఆడుతుంది, బోటు ఎక్కాక మొదటి వంతు ఆమెదే.

ఏ కాలు ముందు పెట్టాలో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆమెకి తెలియకపోతే, చెప్పకుండా వెనక నుంచి మెల్లగా ఒక్క తోపు తోయండి. తట్టుకోవడానికి ఏ కాలు ముందుకి వేస్తే అదే ముందు కాలు. కుడి కాలు ముందు పెట్టేవాళ్లని గూఫీ అంటారు, అది తప్పేం కాదు. బూట్లు భుజాల వెడల్పున బిగించి, ముందు బూటు 15 నుంచి 20 డిగ్రీలు ముందుకి తిప్పి, వెనక బూటు సున్నా దగ్గర పెట్టి, రెంటినీ కాస్త వెనక్కి జరపండి. అప్పుడు బోర్డు ముందు కొస నీళ్లలో గుచ్చుకోదు. నడక కుదిరాక రెండు పాదాలూ బాతులా సమానంగా బయటికి తిప్పుకోవచ్చు.

లోపల ఫోమా, చెక్కా అన్న చర్చ ఇప్పుడు మీకు అనవసరం. బోటు బోర్డులు ఎక్కువగా ఫోమ్‌వే, తేలిగ్గా ఉంటాయి. అంచుల గురించి ఒక్క మాట: గుండ్రటి అంచు అయితే చిన్న పొరపాటు చేసినా క్షమిస్తుంది, పదునైన అంచు నీళ్లకి తగులుకుని ముఖం బద్దలయ్యేలా పడేస్తుంది. లిక్విడ్ ఫోర్స్, హైపర్‌లైట్, రోనిక్స్, ఈ కంపెనీల్లో ఏది తీసుకున్నా నేర్చుకునేవాళ్ల బోర్డు ఒకటైనా ఉంటుంది, పేరు కోసం కొట్టుకోకండి.

500లో తేలుతుందా అంటే, నిరుటి మోడల్ బోర్డు బూట్లతో కలిపి కట్టిన ప్యాకేజీ అయితే తేలుతుంది. పాతది చూస్తే ఇంకా మిగులుతుంది, నా 142ని 180 డాలర్లకి కొన్నాను. బూట్లు బిగించే రంధ్రాల్లో తుప్పు, వాటి చుట్టూ వెంట్రుక చీలికలు, అంచుల దగ్గర పొర లేవడం, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు, ఇందులో ఏది ఉన్నా వదిలేయండి. గ్యారేజ్ సేల్‌లో ఒక చివర సన్నగా, ఇంకో చివర తోకలా ఉన్నవి 20 డాలర్లకి దొరుకుతాయి. అవి పాత కాలపు తరహా. 1985లో టోనీ ఫిన్ అనే ఆయన స్కర్ఫర్ అన్న పేరుతో బోర్డు తెచ్చినప్పుడు అది బోటు వెనకాల లాగే చిన్న సర్ఫ్‌బోర్డు లాంటిదే. రెండు చివర్లూ ఒకేలా ఉండే ట్విన్ టిప్ ఆకారం జిమ్మీ రెడ్‌మన్ అనే బోర్డుల రూపకర్త చేతిలో 1993లో వచ్చింది. గోడకి తగిలించుకోవడానికైతే ఆ పాతవి కొనండి.

మిగిలిన డబ్బు పెట్టాల్సినవి రెండు. ఒకటి తాడు. ట్యూబు లాగే తాడుతో సర్దుకోవద్దు, అది సాగుతుంది. సాగిన తాడు చేతిలోంచి జారితే బోటులో ఉన్నవాళ్ల మీదికి కొరడాలా వస్తుంది. వేక్‌బోర్డు కోసమని చెప్పి సాగని తాడు, ముక్కలు తీసి పొడవు తగ్గించుకునే రకం కొనండి. కొత్తలో 55 అడుగులు పెట్టండి, తర్వాత 65. రెండోది లైఫ్ జాకెట్. సన్నగా అందంగా ఉండే పోటీల జాకెట్లు కొన్నిటికి అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ఉండదు, లోపలి లేబుల్ చదివి కొనండి. బోటులో డ్రైవర్ కాకుండా వెనక్కి చూసే మనిషి ఒకరు ఉండాలి. టెక్సస్‌లో ఆ మనిషికి 13 ఏళ్లు నిండాలి, లేదా బోటుకి వెనక అద్దం ఉండాలి. అద్దం ఉన్నా మనిషిని పెట్టుకోండి.

మీ ఫ్రెండ్ బోటు ప్రొపెల్లర్ వెనక బయటికి ఉన్న రకమైతే, ఉత్సాహం ఎక్కువై తాడు వదిలేసి అల మీద జారే వేక్‌సర్ఫింగ్ మాత్రం మొదలుపెట్టొద్దు. దానికి మనిషి బోటుకి చాలా దగ్గరగా ఉంటాడు, ప్రొపెల్లర్ బోటు అడుగున దాగి ఉన్న వాటితోనే ఆడాలి. వేక్‌బోర్డింగ్‌లో తాడు దూరం ఉంది గనక ఆ ఇబ్బంది లేదు.

కొన్నాక మొదటి రోజు శనివారం మధ్యాహ్నం వెళ్లకండి, అందరి బోట్లూ తిరిగి లేక్ మరుగుతున్న ఎసరులా ఉంటుంది. ఉదయం ఏడింటికల్లా నీళ్లలో ఉండండి. బూట్లు పొడిగా ఉంటే కాలు దిగదు, సీసాలో నీళ్లలో కాస్త బేబీ షాంపూ కలిపి తీసుకెళ్లండి. బోటులో పెద్ద స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి పడేసుకోండి. కొత్త బూట్ల బోల్టులు రెండు మూడు రౌండ్లకే వదులవుతాయి, మళ్లీ బిగించాలి. నాది ఒకటి అలాగే లేక్ లూయిస్‌విల్ అడుగున ఉంది.